వార్షిక ఫీజు పెద్దదైతే లాభమూ పెద్దదేనా? ట్రావెల్ క్రెడిట్ కార్డుల అసలు లెక్క

ఉమ్రాకు వెళ్లాలని రెండు మూడేళ్లుగా డబ్బు కూడబెడుతున్న ఇంటికి ఒకరోజు బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. "సర్, మీకు ట్రావెల్ కార్డు అప్రూవ్ అయింది. ఫ్లైట్ టికెట్లు ఫ్రీ, ఎయిర్‌పోర్టులో లాంజ్ ఫ్రీ. ఏడాదికి ఐదు వేలే ఫీజు. అది కూడా పాయింట్లలో వెనక్కి వచ్చేస్తుంది" అంటారు. ఫోన్ పెట్టేశాక ఇంట్లో చర్చ మొదలవుతుంది. కొడుకు తీసుకుందామంటాడు. అబ్బా వద్దంటారు. అమ్మీ మాత్రం ఒక్క మాటే అడుగుతుంది: "ఐదు వేలు కడితే మనకు వచ్చేదెంత?"

అడగాల్సిన ప్రశ్న అదే. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు, కడప, నిజామాబాద్ లాంటి ఊళ్లలో గల్ఫ్‌లోనో అమెరికాలోనో బంధువులు లేని ముస్లిం కుటుంబం తక్కువ. రాకపోకలు ఉంటాయి, ఉమ్రా ఆశ ఉంటుంది, టికెట్ల ఖర్చు ఉంటుంది. కార్డు కంపెనీలకు ఇలాంటి ఇళ్లు మంచి కస్టమర్లు. అయితే ఫీజు ఎక్కువున్న కార్డు ఈ కుటుంబాలకు నిజంగా గిట్టుబాటవుతుందా? చాలామందికి గిట్టదు, కొందరికి బాగానే గిట్టుతుంది. తేడా ఎక్కడ వస్తుందో కాగితం మీద లెక్క వేసి చూస్తే తెలిసిపోతుంది.

ఫీజులు పైకి, సౌకర్యాలు కిందికి

గత రెండు మూడేళ్లుగా కార్డుల బజారు ఒకే దిక్కుగా నడుస్తోంది. అమెరికాలో చేజ్ బ్యాంకు తన సఫైర్ రిజర్వ్ కార్డు వార్షిక ఫీజును 2025 జూన్‌లో 550 డాలర్ల నుంచి 795 డాలర్లకు పెంచింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ తన ప్లాటినమ్ కార్డు ఫీజును 695 నుంచి 895 డాలర్లకు తీసుకెళ్లింది.

మన దేశంలో ఫీజుల కన్నా షరతులు ఎక్కువ మారాయి. ఐసీఐసీఐ బ్యాంకు 2024 ఏప్రిల్ నుంచి చాలా కార్డుల మీద ఓ నిబంధన పెట్టింది. ముందు మూడు నెలల్లో 35 వేల రూపాయలు ఖర్చు పెడితేనే ఉచిత లాంజ్ ప్రవేశం. అదే ఏడాది నవంబరుకల్లా ఆ మొత్తాన్ని 75 వేలు చేసింది. అంటే ఏడు నెలల్లో రెట్టింపు దాటింది. ఎస్‌బీఐ కార్డ్ తన ఎలీట్ లాంటి ఖరీదైన కార్డులతో ఉచితంగా ఇచ్చిన కోటి రూపాయల విమాన ప్రమాద బీమాను 2025లో తీసేసింది.

అన్నిటికన్నా పెద్ద పాఠం యాక్సిస్ మాగ్నస్ కార్డుది. ఒకప్పుడు ట్రావెల్ కార్డుల్లో దాన్ని రాజు అనేవాళ్లు. నెలలో లక్ష ఖర్చు పెడితే 25 వేల పాయింట్లు అదనంగా వచ్చేవి. 2023 సెప్టెంబరు నుంచి ఆ బోనస్ ఆగిపోయింది. వార్షిక ఫీజు 10 వేల నుంచి 12,500 అయింది. అంతకుముందు 5 పాయింట్లు బదిలీ చేస్తే విమాన కంపెనీల ఖాతాలో 4 మైళ్లు పడేవి. ఆ తర్వాత 2 మాత్రమే. ఎప్పుడో పెద్ద ప్రయాణానికి పనికొస్తాయని పాయింట్లు దాచుకున్నవాళ్ల సొత్తు విలువ సగానికి పడిపోయింది.

దీన్నిబట్టి ఒక విషయం గుర్తుంచుకోవాలి. పాయింట్లు బ్యాంకులో వేసుకున్న డబ్బు లాంటివి కావు. వాటి విలువ ఎంతో నిర్ణయించేది బ్యాంకు, మార్చేదీ బ్యాంకే. ఫీజు మాత్రం రూపాయల్లో ముందే కట్టాలి.

ఐదు వేలంటే ఐదు వేలు కాదు

కార్డు ఫీజు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. 2,500 ఫీజంటే 2,950. 5,000 అంటే 5,900. 12,500 అంటే 14,750. ఫోన్‌లో మాట్లాడేవాళ్లు చాలాసార్లు ఈ జీఎస్టీ సంగతి చెప్పరు. లెక్క ఎప్పుడూ జీఎస్టీ కలిపిన అంకెతోనే మొదలుపెట్టాలి.

ఇక నెలకు 40 వేల రూపాయలు కార్డు మీద ఖర్చుపెట్టే కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఏడాదికి 4 లక్షల 80 వేలు. కిరాణా, బట్టలు, మందులు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, అప్పుడప్పుడూ రైలు, విమానం టికెట్లు అన్నీ అందులోనే అనుకుందాం.

ముందు ఫీజు లేని కార్డు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక ఫీజు లేదు. అమెజాన్ బయట చేసే మామూలు కొనుగోళ్ల మీద 1 శాతం వెనక్కి ఇస్తుంది. 4.8 లక్షల మీద 4,800 రూపాయలు. ఇది కొలబద్ద. ఏ ఖరీదైన కార్డయినా ఫీజు పోగా దీన్ని మించి ఇవ్వాలి. లేకపోతే ఆ ఫీజు దండగే.

రెండోది మధ్యస్థం. హెచ్‌డీఎఫ్‌సీ రెగాలియా గోల్డ్ ఫీజు 2,500, జీఎస్టీతో 2,950. ఏడాదిలో 4 లక్షలు ఖర్చుపెడితే మరుసటి ఏడు ఫీజు మాఫీ. పాయింట్లను బ్యాంకు సొంత పోర్టల్‌లో విమానం టికెట్లకు వాడితే ఒక్కో పాయింటు 50 పైసలు. లెక్క కడితే ఖర్చు మీద సుమారు 1.3 శాతం వస్తుంది. మన ఉదాహరణ కుటుంబానికి ఏడాదికి ఇంచుమించు 6 వేలు. 4 లక్షల గీత దాటారు కాబట్టి ఫీజు పోదు. ఉచిత కార్డు కన్నా వెయ్యి, పన్నెండు వందలు ఎక్కువ.

మూడోది అసలు ట్రావెల్ కార్డు. యాక్సిస్ అట్లాస్ ఫీజు 5,000, జీఎస్టీతో 5,900. మామూలు ఖర్చు మీద ప్రతి 100 రూపాయలకు 2 మైళ్లు. విమాన కంపెనీకో హోటల్‌కో నేరుగా చెల్లిస్తే 5 మైళ్లు. ఏడాదిలో 3 లక్షలు దాటితే అదనంగా 2,500 మైళ్లు. బ్యాంకు పోర్టల్‌లో ఒక మైలు ఒక రూపాయి. 4.8 లక్షల మీద 9,600, బోనస్ 2,500, మొత్తం 12,100. ఫీజు 5,900 తీసేస్తే మిగిలేది 6,200. ఉచిత కార్డు ఇచ్చే 4,800తో పోలిస్తే లాభం 1,400 రూపాయలు.

చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఈ లెక్కలో ఓ మెలిక ఉంది.

పాయింట్లు రాని ఖర్చులే ఎక్కువ

కార్డు మీద పెట్టే ప్రతి రూపాయికీ పాయింట్లు రావు. ఇంటి అద్దె, పెట్రోలు, బీమా ప్రీమియం, కరెంటు, నీటి బిల్లులు, ప్రభుత్వానికి కట్టేవి, బంగారం. అట్లాస్ లాంటి కార్డుల్లో వీటికి పాయింట్లు సున్నా. మిగతా బ్యాంకులు కూడా వీటిలో కొన్నిటిని తీసేశాయి, కొన్నిటికి నెలవారీ పరిమితి పెట్టాయి. అద్దె కార్డు మీద కడితే చాలా బ్యాంకులు ఎదురు 1 శాతం రుసుము వసూలు చేస్తాయి.

మధ్యతరగతి ఇంట్లో నెల ఖర్చు రాసి చూడండి. సగానికి సగం ఈ పద్దుల్లోనే పోతుంది. షాదీ ఉన్న ఏడాది బంగారం కొనుగోలే పెద్ద మొత్తం. దానికీ పాయింట్లు రావు.

మన ఉదాహరణలోనే నెలకు 40 వేలలో 20 వేలు ఇలాంటి బిల్లులకు పోయాయనుకుందాం. పాయింట్లు వచ్చే ఖర్చు 2.4 లక్షలే. అట్లాస్ మీద 4,800 మైళ్లు. 3 లక్షల గీత అందదు కాబట్టి బోనస్ లేదు. 5,900 కట్టి 4,800 తీసుకున్నట్టు. చేతి నుంచి 1,100 రూపాయలు పోయాయి. అదే 2.4 లక్షల మీద ఉచిత కార్డు 2,400 ఇచ్చేది. రెండిటి మధ్య తేడా 3,500.

ఒకే కార్డు, ఒకే ఫీజు. ఒక ఇంటికి 1,400 లాభం, పక్కింటికి 3,500 నష్టం. కార్డు మంచిదా చెడ్డదా అన్నది కార్డు మీద రాసి ఉండదు. అది ఇంటి ఖర్చుల పుస్తకంలో ఉంటుంది.

ఇక్కడే ఇంకో బోల్తా కూడా ఉంది. 2.6 లక్షల దగ్గర ఆగినవాళ్లకు "ఇంకో 40 వేలు పెడితే 2,500 మైళ్లు" అని మెసేజ్ వస్తుంది. రమజాన్ షాపింగ్‌లో అవసరం లేని ఫోనో, టీవీయో ఇంట్లోకి వస్తుంది. 2,500 రూపాయల కోసం 40 వేలు ఖర్చు పెట్టడం లాభమెలా అవుతుంది?

అన్నిటికన్నా పెద్ద ఫీజు కార్డు సంగతి

హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా లాంటి కార్డులు చూస్తే లెక్క తలకిందులవుతుంది. ఫీజు 12,500, జీఎస్టీతో 14,750. కానీ ఫీజు కట్టగానే 12,500 పాయింట్లు వస్తాయి. పోర్టల్‌లో విమానానికి వాడితే ఒక్కో పాయింటు ఒక రూపాయి. ఖర్చు మీద ప్రతి 150 రూపాయలకు 5 పాయింట్లు, అంటే 3.33 శాతం. పెద్ద ఫీజు కట్టినా తిరిగి వచ్చేస్తుంది.

మరి అందరూ తీసుకోవచ్చుగా? తీసుకోలేరు. బ్యాంకు పిలిచి ఇస్తేనే ఆ కార్డు. భారీ జీతం, భారీ ఖర్చు ఉన్నవాళ్లకే ఆ పిలుపు వస్తుంది. ఎక్కువ ఫీజు నిజంగా గిట్టుబాటయ్యేది ఎక్కువ ఖర్చు పెట్టేవాళ్లకు. వాళ్లకు ఆ ఫీజు ఓ లెక్కే కాదు. ఫీజు గురించి ఇంట్లో చర్చ జరిగే కుటుంబాలకు మాత్రం మధ్యలో ఉన్న 5 వేల కార్డులనే ఎక్కువగా అమ్ముతారు. జాగ్రత్త పడాల్సింది అక్కడే.

ఉమ్రా ప్యాకేజీకి ఈ కార్డు ఎంత పనికొస్తుంది?

అమ్మేవాళ్లు ఉమ్రా పేరు చెప్పినా, ఉమ్రా ఖర్చు మీద ఈ కార్డులు ఇచ్చేది చాలా తక్కువ. కారణం మన ప్రయాణ పద్ధతి. ఎక్కువ కుటుంబాలు ట్రావెల్ ఏజెంటు దగ్గర గ్రూపు ప్యాకేజీ తీసుకుంటాయి. వీసా, టికెట్, మక్కా మదీనాల్లో హోటల్, బస్సు, భోజనం అన్నీ కలిపి ఒకే రేటు. మనిషికి లక్ష పైమాటే.

ఆ డబ్బు వెళ్లేది ఏజెంటుకు, విమాన కంపెనీకి కాదు. కాబట్టి 100కి 5 మైళ్ల రేటు సాధారణంగా వర్తించదు, 2 మైళ్లే. పైగా చాలామంది ఏజెంట్లు కార్డు గీకితే 2 శాతం దాకా అదనంగా అడుగుతారు. 2 శాతం ఇచ్చి 2 శాతం పాయింట్లు తీసుకుంటే చేతికి మిగిలేది సున్నా. నలుగురికి కలిపి 4.5 లక్షల ప్యాకేజీ అయితే ఆ 2 శాతమే 9 వేలు. ముందు ఏజెంటును అడగాల్సిన మాట ఇదే: "నగదు బదిలీకి రేటెంత, కార్డుకు రేటెంత?" రెండూ ఒకటే అయితేనే కార్డు ఊసెత్తాలి.

పోగైన మైళ్లతో టికెట్లు కొనడం కూడా అనుకున్నంత తేలిక కాదు. హైదరాబాద్ నుంచి జెద్దాకు సౌదియా, ఇండిగో నేరుగా నడుపుతున్నాయి. మైళ్లకు ఇచ్చే సీట్లు విమానంలో కొన్నే ఉంటాయి. ఒక్కడికి దొరకొచ్చు. అబ్బా, అమ్మీ, పిల్లలతో కలిసి ఐదుగురికి ఒకే రోజు, అదీ రమజాన్‌లో దొరకడం అరుదు. మైళ్లతో కొన్నా పన్నులు, సర్‌చార్జీలు డబ్బుల్లోనే కట్టాలి. పైగా గ్రూపు ప్యాకేజీలో టికెట్ కలిసే ఉంటుంది కాబట్టి మీ మైళ్లు అందులో పనికిరావు.

సొంతంగా టికెట్టు, హోటల్ బుక్ చేసుకుని వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఏడాదికి రెండుసార్లు దుబాయికో రియాద్‌కో కుటుంబంతో వెళ్లే వ్యాపారికి 5 మైళ్ల రేటు దక్కుతుంది. 2 లక్షల టికెట్లు నేరుగా కొంటే 10 వేల మైళ్లు. ఫీజు అక్కడే తీరిపోతుంది. ఇలాంటివాళ్లకు ట్రావెల్ కార్డు నిజంగా ట్రావెల్ కార్డే.

ఎవరూ చెప్పని ఖర్చు: ఫారెక్స్ మార్కప్

విదేశంలో కార్డు గీకినప్పుడు బ్యాంకు మారకం మీద అదనంగా తీసుకునేదే ఫారెక్స్ మార్కప్. చాలా కార్డులకు ఇది 3.5 శాతం. దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. మొత్తం 4.13 శాతం. మక్కా, మదీనాల్లో భోజనం, టాక్సీ, ఖర్జూరాలు, బట్టలు, బంధువులకు తోఫాలు కలిపి లక్ష రూపాయలు కార్డు మీద పోయిందనుకోండి. 4,130 రూపాయలు మార్కప్‌కే. 2 శాతం మార్కప్ ఉన్న కార్డుకు 2,360. మార్కప్ లేని కార్డుకు సున్నా.

అట్లాస్ ట్రావెల్ కార్డే అయినా మార్కప్ 3.5 శాతం. లక్ష ఖర్చుకు 2 వేల మైళ్లు ఇచ్చి 4,130 తీసుకుంటుంది. మరోపక్క ఫెడరల్ బ్యాంకు ఇచ్చే స్కాపియా లాంటి కార్డులకు వార్షిక ఫీజూ లేదు, ఫారెక్స్ మార్కప్పూ లేదు. ఏడాదంతా పాయింట్లు పోగేసి మిగుల్చుకునే 1,400 కన్నా పదిహేను రోజుల ఉమ్రాలో మార్కప్ తప్పించుకుని మిగిల్చే 4,130 పెద్దది. రెండేళ్లకోసారి విదేశం వెళ్లే ఇంటికి కావాల్సింది మైళ్ల కార్డు కాదు, మార్కప్ లేని కార్డు.

సౌదీలో ఇంకో రెండు జాగ్రత్తలు. దుకాణంలో మెషిన్ "రియాళ్లలోనా, రూపాయల్లోనా?" అని అడిగితే రియాళ్లే ఎంచుకోవాలి. రూపాయలు అంటే అక్కడి బ్యాంకు తనకు నచ్చిన రేటు వేస్తుంది. రెండోది, క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీయకూడదు. నగదు మీద వడ్డీ తీసిన రోజు నుంచే మొదలవుతుంది, రుసుము వేరు. నగదు కోసం డెబిట్ కార్డో, ముందే రియాళ్లు నింపుకున్న ఫారెక్స్ కార్డో వాడటం మేలు.

లాంజ్ విలువ ఎంత కట్టాలి?

కార్డు కంపెనీలు ఒక్కో లాంజ్ ప్రవేశానికి వెయ్యి, రెండు వేలు విలువ కట్టి చూపిస్తాయి. అసలు విలువ అది కాదు. లాంజ్ లేకపోతే ఎయిర్‌పోర్టులో ఎంత ఖర్చు పెట్టేవాళ్లో అదే దాని విలువ. శంషాబాద్‌కు ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకునే కుటుంబానికి అది రెండు టీల ఖరీదు.

పైగా ఉచిత ప్రవేశం కార్డు ఉన్నవాడికే. భార్యాపిల్లలు బయట కూర్చుంటే ఒక్కడే లోపలికి వెళ్లి తినే అబ్బా మన ఇళ్లలో ఉండరు. అదనపు కార్డులు ఉంటే, వాటికీ లాంజ్ వర్తిస్తేనే ఇంటిల్లిపాదికీ ఉపయోగం. విదేశీ లాంజ్‌లలో మాంసాహారం హలాలా కాదా అని అడిగి తెలుసుకోవాల్సిందే. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాలున్న ఇల్లు లాంజ్ కోసం ఫీజు కట్టాల్సిన పని లేదు.

అమెరికాలో ఉన్నవాళ్ల లెక్క

షికాగో, డల్లాస్, హ్యూస్టన్‌లలో ఉన్న మనవాళ్లు ఏడాదికోసారి ఇంటికొస్తారు. వాళ్ల ముందున్న ప్రశ్నా ఇదే, అంకెలే వేరు. చేజ్ బ్యాంకుదే సఫైర్ ప్రిఫర్డ్ కార్డు ఫీజు 95 డాలర్లు, రిజర్వ్ ఫీజు 795. రిజర్వ్ ఏడాదికి 300 డాలర్ల ప్రయాణ ఖర్చు వెనక్కి ఇస్తుంది. ఎలాగూ టికెట్ కొంటారు కాబట్టి దీన్ని నిజమైన డబ్బుగా లెక్కేయొచ్చు. అప్పుడు రిజర్వ్ అసలు ఫీజు 495. ప్రిఫర్డ్‌తో తేడా 400 డాలర్లు.

నలుగురి కుటుంబం హైదరాబాద్ టికెట్లకు 6 వేల డాలర్లు విమాన కంపెనీకి నేరుగా కట్టిందనుకుందాం. రిజర్వ్ మీద డాలరుకు 4 చొప్పున 24 వేల పాయింట్లు, ప్రిఫర్డ్ మీద 2 చొప్పున 12 వేలు. తేడా 12 వేల పాయింట్లు. పాయింటుకు ఒక సెంటు వేస్తే 120 డాలర్లు, తెలివిగా వాడి రెండు సెంట్లు రాబట్టినా 240. 400 పూడలేదు. మిగతాది లాంజ్‌ల నుంచి, రకరకాల కూపన్ల నుంచి రావాలి. ఆ కూపన్లు ఎంపిక చేసిన హోటళ్లకు, రెస్టారెంట్లకు, యాప్‌లకు. ముందు నుంచీ వాడుతున్నవాటికే వాటిని డబ్బుగా లెక్కేయాలి. కూపన్ ఉంది కదా అని కొన్నది ఖర్చు కిందే వస్తుంది. ఉద్యోగం మీద నెల నెలా విమానం ఎక్కేవాళ్లకు రిజర్వ్ సరిపోవచ్చు. ఏడాదికోసారి ఇంటికొచ్చేవాళ్లకు 95 డాలర్ల కార్డు చాలు.

వడ్డీ వస్తే లెక్క మొత్తం పోతుంది

ఇప్పటిదాకా వేసిన లెక్కలన్నిటికీ ఒక షరతు ఉంది. బిల్లు మొత్తం గడువులోగా కట్టేయాలి. ఒక్క నెల తప్పితే ఏమవుతుందో చూడండి. చాలా కార్డుల వడ్డీ నెలకు 3.5 నుంచి 3.75 శాతం. ఏడాదికి 42 నుంచి 45 శాతం. 50 వేలు ఒక నెల బాకీ పెడితే 3.75 చొప్పున 1,875, జీఎస్టీతో 2,212 దాటుతుంది. ఆ 50 వేల మీద వచ్చిన పాయింట్లు 2 శాతం లెక్కన వెయ్యి రూపాయలు. పాయింట్లకు రెండింతలకు పైగా వడ్డీకి పోయింది. "మినిమమ్ డ్యూ" కడితే లేటు రుసుము తప్పుతుంది గానీ వడ్డీ తప్పదు. కొత్తగా కొన్నవాటికీ ఉచిత గడువు పోయి మొదటి రోజు నుంచే వడ్డీ లెక్కిస్తారు.

ఈ వడ్డీకి పై హద్దు కూడా లేదిప్పుడు. క్రెడిట్ కార్డు బకాయిల మీద 30 శాతం మించి వడ్డీ వేయకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ తీర్పు ఇచ్చింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న దాన్ని కొట్టేసింది.

మన కుటుంబాలకు ఇది లాభనష్టాల విషయం మాత్రమే కాదు. సూద్ విషయం. అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ 2000 సెప్టెంబరులో రియాద్ సమావేశంలో తీర్మానం 108 ద్వారా తన మాట చెప్పింది. ఒప్పందంలో వడ్డీ షరతు ఉంటే, గడువులోగా కట్టేయాలన్న ఉద్దేశమే ఉన్నా, ఆ క్రెడిట్ కార్డు తీసుకోవడం సమ్మతం కాదు. వడ్డీ షరతు లేని కార్డు అయితే సమ్మతమే. సేవకు బదులుగా తీసుకునే నిర్ణీత ఫీజు కూడా సమ్మతమే. అంటే అభ్యంతరం వార్షిక ఫీజు మీద కాదు, వడ్డీ షరతు మీద. అవసరం ఉండి, గడువు దాటకుండా మొత్తం కట్టేస్తానన్న పక్కా ఏర్పాటు ఉంటే వాడుకోవచ్చని చెప్పే ఉలమా కూడా ఉన్నారు.

గల్ఫ్‌లో ఇస్లామిక్ బ్యాంకులు ఇచ్చే కార్డులు ఉన్నాయి. మన దేశంలో ఆ దారి లేదు. ఇస్లామిక్ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని రిజర్వు బ్యాంకు 2017లోనే తేల్చేసింది. కాబట్టి ఏ మాట పాటించాలన్నది ప్రతి కుటుంబం తమ నమ్మకమైన ఆలిమ్‌ను అడిగి తేల్చుకోవాలి. వద్దనుకున్నవాళ్లకు పెద్దగా పోయేదీ లేదు. పై లెక్కల్లో ట్రావెల్ కార్డు వల్ల మధ్యతరగతి ఇంటికి ఏడాదికి మిగిలేది వెయ్యి, పదిహేను వందలే. డెబిట్ కార్డు, ఫారెక్స్ కార్డుతో ఉమ్రా హాయిగా పూర్తవుతుంది.

తీసుకున్నవాళ్లు మాత్రం మొదటి రోజే బ్యాంకు ఖాతా నుంచి బిల్లు "మొత్తం" ఆటోమేటిగ్గా కట్ అయ్యేలా పెట్టుకోవాలి. ఫారంలో "మినిమమ్" అని టిక్ పడి ఉంటుంది చాలాసార్లు. అది చూసి మార్చుకోవాలి.

ఇప్పటికే కార్డు ఉన్నవాళ్లు ఏం చేయాలి?

ఫీజు పడే నెలకు ముందు ఒక గంట కూర్చుంటే చాలు. గత పన్నెండు నెలల్లో నిజంగా వాడుకున్న పాయింట్ల విలువ రూపాయల్లో రాయండి. ఖాతాలో ఉన్నవి కాదు, వాడినవి. లాంజ్‌కు ఎన్నిసార్లు వెళ్లారో, లేకపోతే ఎంత ఖర్చయ్యేదో రాయండి. అందులోంచి జీఎస్టీతో ఫీజు, కట్టిన మార్కప్, ఒక్క రూపాయి అయినా వడ్డీ ఉంటే అది, తీసేయండి. మిగిలింది అదే ఖర్చు మీద 1 శాతం కన్నా తక్కువైతే కార్డు వెనక్కి ఇచ్చేయడమే.

వెనక్కి ఇచ్చే ముందు బ్యాంకుకు ఫోన్ చేసి అడగడంలో తప్పు లేదు. ఫీజు మాఫీ చేస్తామనో, ఫీజు లేని కార్డుకు మారుస్తామనో చాలాసార్లు వాళ్లే అంటారు. మూసేయమంటే తాత్సారం చేస్తారన్న భయం అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2022 నిబంధనల ప్రకారం బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకు కస్టమరుకు చెల్లించాలి. అడగకుండా కార్డు ఇవ్వడం, ఒప్పుకోకుండా పెద్ద ఫీజు కార్డుకు మార్చడం కూడా ఆ నిబంధనల ప్రకారం కుదరదు. ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. మూసే ముందు మిగిలిన పాయింట్లు వాడుకోవడం మరిచిపోవద్దు. కార్డు పోతే అవీ పోతాయి.

సొంతంగా టికెట్లు కొని ఏడాదికి మూడు నాలుగుసార్లు తిరిగేవాళ్లకు 5 వేల ఫీజు గిట్టుతుంది. 4 లక్షల ఖర్చు ఎలాగూ ఉన్నవాళ్లకు ఫీజు మాఫీ అయ్యే మధ్యస్థ కార్డు చాలు. రెండు మూడేళ్లకోసారి ఉమ్రాకు వెళ్లే ఇంటికి ఫీజూ మార్కప్పూ లేని కార్డు, లేదా ముందే రియాళ్లు నింపుకున్న ఫారెక్స్ కార్డు సరిపోతుంది. మళ్లీ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఇంట్లో అడగాల్సింది అమ్మీ అడిగిన మాటే. జవాబు మాత్రం ఫోన్‌లో మాట్లాడేవాళ్ల దగ్గర దొరకదు. ఇంటి ఖర్చుల పుస్తకం తీసి చూసుకోవాలి.